పిల్లి వెనక అంకె

మా హొతారు బారుకి వచ్చేవాళ్ళందరూ నన్ను అమ్మా అనే పిలుస్తారు. నాకు డెబ్బై ఒకటి. పిలిచేవాళ్ళలో సగం మంది నాకంటే పెద్దవాళ్ళు. ఒసాకాలో ఇలాంటి చిన్న బారు నడిపే ఆడమనిషిని అలాగే పిలవాలి. ఎవరు పెట్టిన పద్ధతో మరి. ఎనభయ్యో పడిలో ఉన్న పెద్దమనిషి కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి, "అమ్మా, ఆకలేస్తోంది" అంటాడు. "ముందు చేతులు తుడుచుకోండి" అని వేడి తువ్వాలు అందిస్తాను.

మధ్యాహ్నం ఒంటిగంటకి తెరుస్తాను, ఐదింటికి మూసేస్తాను. రాత్రుళ్ళు తాగి పాడే వయసు మావాళ్ళకి దాటిపోయింది. వాళ్ళకి ఆరింటికి భోజనం, ఏడింటికి స్నానం, ఎనిమిదింటికి పక్క. అందుకని మధ్యాహ్నమే తాగుతారు, మధ్యాహ్నమే పాడతారు, ప్రేమలో ఓడిపోయిన పడుచువాళ్ళలాగా మధ్యాహ్నమే కళ్ళు ఒత్తుకుంటారు.

ఎనిమిది స్టూళ్ళు, ఒక బల్ల, గోడకి టీవీ, దాని కింద పాటల యంత్రం. యంత్రం ముందు చెయ్యి ఊపే పింగాణీ పిల్లి. నా వెనక అలమరలో సీసాలు. ఒక్కో సీసా మెడలో ఒక్కో పేరు చీటీ వేలాడుతుంటుంది. ఎవరి సీసా వాళ్ళది, ఎవరి వంతు వాళ్ళది, ఎవరి పాట వాళ్ళది. ఒకరి పాట ఇంకొకరు ముట్టుకోకూడదు. ఒకసారి ఎవరో కొత్తాయన తెలియక మురోయి గారి తాడు పాట మొదలుపెట్టాడు. అందరూ పళ్ళెంలో ముల్లంగి ముక్కల వంక చూస్తూ కూర్చున్నారు. ఆయన మళ్ళీ రాలేదు.

తాడు పాట అంటే, రేవులో పడవ కదులుతుంటే ఒడ్డున ఉన్నవాడు తాడు వదలలేక వదలడం. మూడో చరణంలో తాడు విసిరే చోట గొంతు ఒక్కసారిగా పైకి లేవాలి. మురోయి గారు ముప్పై ఏళ్ళు ట్రామ్ నడిపాడు. ఇంకో ముప్పై ఏళ్ళుగా ఇక్కడ ఈ పాట పాడుతున్నాడు. వయసు డెబ్బై తొమ్మిది. పాట అయ్యాక మైకు బల్లమీద పెట్టి ప్రతిసారీ ఒకే మాట అంటాడు.

"అసలు శ్రుతి! రికార్డులో ఎలా ఉందో అలాగే. ఒక్క మెట్టు కూడా దించలేదు."

"దించలేదయ్యా, విన్నాం" అంటాడు పక్క స్టూలు మీద కునిషిగె గారు. చాపలు అల్లే పని చేసి మానేసినాయన. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. "ఎక్కింది నీ శ్రుతి కాదు, నీ రక్తపోటు."

"నువ్వు పాడు చూద్దాం."

"నేనూ అసలు శ్రుతిలోనే పాడతాను. నీలాగా దండోరా వెయ్యను, అంతే."

ఇద్దరూ అబద్ధం చెబుతున్నారు. ఆ సంగతి వాళ్ళకి తెలియదు. నాకు తెలుసు.

పిల్లిని అక్కడ పెట్టింది మా ఆయన తొకిజో. మా యంత్రం పాతది. శ్రుతి మారిస్తే టీవీలో ఏమీ కనపడదు, కింద చిన్న కిటికీలో మాత్రం ఎర్రటి అంకె వెలుగుతుంది. పిల్లి తల సరిగ్గా ఆ కిటికీకి అడ్డం. ఎవరి వంతు వస్తే వాళ్ళకి సరిపడా నాలుగు మెట్లో ఐదు మెట్లో దించడం మా పని. గొంతు ముసలిదవుతూ ఉంటే రెండు మూడేళ్ళకో మెట్టు. వాళ్ళకి తెలియకుండా, పాటకి ముందు వచ్చే వాద్యం మొదలయ్యేలోపు. పార్టీలకి యంత్రం తీసుకుపోయినా పిల్లి వెంట ఉండాల్సిందే. అపార్ట్‌మెంటు సంఘం విందైనా, ఎవరి డెబ్బై ఏడో పుట్టినరోజైనా, ముందు పిల్లినే సర్దేవాడు.

"వచ్చినప్పటికంటే వెళ్ళేటప్పుడు నడుం నిటారుగా ఉండాలే, అంతే" అనేవాడు తొకిజో.

ఆయన తన లెక్క ఒక నల్ల అట్ట పుస్తకంలో రాసుకునేవాడు. ఎనిమిదేళ్ళ కిందట ఆయన పోయినప్పుడు నేను దాన్ని తెరవలేదు. తెరిచినా ఉపయోగం లేదు, అప్పటికి నాకు చదవడం రాదు. నా పుస్తకం నేను పెట్టుకున్నాను, బొమ్మలతో. మురోయి గారికి ట్రామ్ గంట, దాని కింద ఐదు చుక్కలు. కునిషిగె గారికి ముల్లంగి, ఆరు చుక్కలు. సెలూను కొడుక్కి అప్పగించి రోజూ ఇక్కడికొచ్చే ఒతోయెకి రొయ్య, నవ్వితే అలా ముడుచుకుపోతుంది మరి. ఆవిడకి రెండే చుక్కలు. తరవాత అక్షరాలు నేర్చుకున్నా బొమ్మలు మార్చలేదు. ముల్లంగి అని రాసేకంటే ముల్లంగి గీస్తే తొందరగా కనపడుతుంది.

అక్టోబరు చివర్లో ఒకరోజు మురోయి గారు తిరుగుటపా కార్డు ఒకటి పట్టుకొచ్చాడు. పాత ట్రామ్ డిపో వాళ్ళందరూ నవంబరు మూడో ఆదివారం ఒక హోటల్లో కలుస్తున్నారట. వస్తారా రారా అని గీత కొట్టి పంపాలి. ఆయన కుంచెతో అంచుదాకా రాశాడు. పైకి చదివాడు కూడా.

"తప్పక వస్తాను. తాడు పాట పాడతాను, అసలు శ్రుతిలో. మురోయి."

ఒతోయె చప్పట్లు కొట్టింది. "ఇంత పెద్ద అక్షరాలా! కార్డు చాలక అసలు శ్రుతి పక్కకి తిరిగిపోయిందే."

"ఇనుజుకా గారు వస్తున్నాడు. డిపో పెద్ద. తొంభై ఒకటి. నలభై ఏళ్ళ కిందట ఏడాది చివరి విందులో నా పాట విని ఏమన్నాడో తెలుసా?"

"మన ట్రాములకి రెండు గంటలున్నాయి, ఒకటి ఇత్తడిది, ఒకటి మురోయి" అని కునిషిగె గారూ, ఒతోయె, నేనూ ఒకేసారి అన్నాం. రెండువందల సార్లయినా విని ఉంటాం.

"హోటల్లో యంత్రం ఎలా ఉంటుందో?" అన్నాను, గిన్నె తుడుస్తూ.

"కొత్తది! తెర ఈ గోడంత. అన్నీ తెరమీదే పడతాయట, శ్రుతి అంకెతో సహా. బాగుంది కదా? అందరూ చూస్తారు, సున్నా!"

నా చేతిలో గిన్నె జారింది. పగల్లేదు.

*

ఆ వారమంతా నాకు అదే ఆలోచన. సున్నా దగ్గర మురోయి గారు మూడో చరణం దాకా కూడా వెళ్ళలేడు. అరవై మంది పాత ట్రామ్ వాళ్ళ ముందు, ఆ ఇనుజుకా గారి ముందు ఆయన గొంతు విరిగిపోతుంది. పోనీ చెబుదామా అంటే ముప్పై ఏళ్ళ "ఒక్క మెట్టు కూడా దించలేదు" ఒక్క మాటతో నేలమీద పడుతుంది. ఏ ముఖంతో మళ్ళీ ఈ స్టూలు మీద కూర్చుంటాడు?

ముందు తేలిక దారి చూశాను.

"మురోయి గారూ, పార్టీకి కొత్త పాట ఏదైనా అనుకోకూడదూ? ఆ వాన పాట మీకు బాగుంటుంది."

"అది ఒతోయెది."

"ఇచ్చేస్తాను తీసుకోండి" అంది ఒతోయె.

"పాటలు ఇచ్చిపుచ్చుకోవడానికి గొడుగులా?" అని కసిరాడు. ఆ పూటంతా నాతో సరిగా మాట్లాడలేదు.

తరవాత వారం ఇంకో ఉపాయం పన్నాను. రోజుకో మెట్టు పైకి జరిపితే ఆయనకే తెలుస్తుంది కదా, గొంతు మునుపటిలా లేదని. మంగళవారం నాలుగు పెట్టాను. పాడాడు కానీ చివర్లో దగ్గాడు.

"మైకులో బ్యాటరీ అయిపోయింది."

మార్చాను. బుధవారం మూడు. తాడు విసిరే చోట తాడు నీళ్ళలో పడింది.

"కునిషిగె పొగ తాగుతున్నాడు, అందుకే."

"నేను మానేసి తొమ్మిదేళ్ళయిందిరా!"

"నీ కోటుకి వాసన పోలేదు."

గురువారం మూడు దగ్గరే ఉంచాను. ఆయన పాడుతుంటే మెడ నరాలు తాళ్ళలా లేచాయి. ఒతోయె చేతిలో గలగలలాడే తంబురీను ఊపడం ఆపేసింది. పాట అయ్యాక ఆయన నుదురు తుడుచుకుని, యంత్రాన్ని పైనుంచి కిందికి చూశాడు.

"అమ్మా, దీనికి ఏదో అయింది. శ్రుతి పైకి పోయింది. మనిషిని పిలిపించు."

నిజంగానే పిలిపించాల్సి వచ్చింది. లేకపోతే ఊరుకునేలా లేడు. బాగుచేసే ఆయన శుక్రవారం పొద్దున వచ్చి, మూత తీసి, దుమ్ము ఊది, "యంత్రం భేషుగ్గా ఉంది. పిల్లినే కాస్త కడగండి" అని వెళ్ళాడు. ఆ మధ్యాహ్నం మళ్ళీ ఐదు పెట్టాను. మురోయి గారు గంటలా మోగాడు.

"చూశావా? బాగయింది. అసలు శ్రుతి!"

నా మొహం నాకే చిన్నబోయింది. పార్టీకి ఇంకా తొమ్మిది రోజులు.

*

ఆదివారం నాడు ముందుగా మూసేశాను. సోమవారం ఎలాగూ సెలవు. గ్లాసులన్నీ కడిగాక కుర్చీ లాక్కుని యంత్రం ముందు కూర్చున్నాను. సున్నా దగ్గర పాడితే ఎలా ఉంటుందో, మనిషి గొంతుకి ఎక్కడ నొప్పెడుతుందో తెలుసుకుందామనుకున్నాను. తాడు పాట ముట్టుకోకూడదు కదా, నా పాటే పెట్టుకున్నాను.

నాకూ ఒకటుండేది. ఏడాదికి ఒక్కసారి, డిసెంబరులో ఆఖరి రోజున, అందరూ వెళ్ళిపోయాక తొకిజో పెట్టేవాడు, నేను పాడేదాన్ని. ఆయన పోయాక పాడలేదు. అందులో ఒకచోట ఎత్తుగా పట్టాలి, నేను ఆయాసం లేకుండా పట్టేదాన్ని. పట్టి, తొకిజో వంక గొప్పగా చూసేదాన్ని. "మీ గిరాకీలకి దించాలి. నాకు అక్కర్లేదు చూడండి" అనేదాన్ని. ఆయన గ్లాసు తుడుచుకుంటూ "నిజమే, నిజమే" అనేవాడు.

సున్నా పెట్టి మొదలుపెట్టాను. రెండో వరసకే గొంతు పట్టేసింది. ఎనిమిదేళ్ళు పాడలేదుగా, తుప్పు పట్టి ఉంటుంది అనుకుని రెండు దించాను. ఊహూఁ. మూడు. నాలుగు దించేసరికి, పాత చెప్పులో కాలు పెట్టినట్టు పాట నాలోకి వచ్చి కూర్చుంది. అదీ నాకు గుర్తున్న పాట. అదే ఎత్తు. ఎన్ని డిసెంబర్లు అలాగే పాడానో నా గొంతుకి తెలుసు.

లేచి, అలమర అడుగునుంచి ఆయన నల్ల అట్ట పుస్తకం తీశాను. అక్షరాలు గుండ్రంగా, నిదానంగా ఉన్నాయి. చదవడం కష్టం కాలేదు. మురోయి, మూడు. కునిషిగె, నాలుగు. చనిపోయిన వాళ్ళు, ఊరు మారిపోయిన వాళ్ళు. ఆఖరి పేజీలో విడిగా ఒక్క వరస.

"మా ఇంటావిడ, మూడు." మూడు కొట్టేసి, "నాలుగు." పక్కన చిన్నగా, "ఊపిరి తీసుకునే చోట కాస్త ప్రతిధ్వని పెంచాలి."

ఎంత దొంగవయ్యా నువ్వు, అన్నాను పైకే. "నిజమే, నిజమే" అంటావా గ్లాసు తుడుచుకుంటూ! ఇన్నేళ్ళు నేను మెడ నిక్కించుకుని గొప్పలు చెబుతుంటే లోపల నవ్వుకున్నావా? నాకు ఒళ్ళు మండింది. ఆ పుస్తకంతో ఎవరినైనా నెత్తిమీద కొట్టాలనిపించింది. కొట్టడానికి మనిషి లేడు. పిల్లి ఒక్కటే చెయ్యి ఊపుతోంది. కాసేపటికి నవ్వొచ్చింది. నవ్వుతూనే మళ్ళీ ఒళ్ళు మండింది.

మురోయి గారికి చెప్పాలని అక్కడే నిర్ణయించుకున్నాను. ఈ సంగతి తిట్టడానికి ఎదురుగా మనిషి ఉండగానే తెలియాలి.

*

మంగళవారం ఆయన ఎప్పటిలాగే పావు తక్కువ ఒంటిగంటకి వచ్చాడు. ఇంకా ఎవరూ లేరు. వేడి తువ్వాలు ఇచ్చి, తాడు పాట పెట్టి, శ్రుతి దించి, పిల్లిని రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టాను.

ఎర్రగా వెలిగింది. ముందు ఒక గీత, పక్కన ఐదు.

"ఏమిటది?" అన్నాడు.

"మీ శ్రుతి."

"యంత్రం మళ్ళీ చెడిందా?"

"లేదు మురోయి గారూ. మొన్న చెడింది కూడా లేదు. అది నేను చేసిన పని. ఐదు మెట్లు దించితేనే మీరు పాడేది. తొకిజో ఉన్నప్పుడు మూడు. తరవాత నాలుగు. కిందటేడాది నుంచి ఐదు."

పాట ముందు వాద్యం అయిపోయింది. మొదటి వరస తెరమీద పడి, రంగు మారుతూ వెళ్ళిపోయింది. ఎవరూ పాడలేదు.

"ఎవరెవరికి తెలుసు?"

"నాకు, పిల్లికి."

నవ్వలేదు. బల్లమీది టోపీ తీసి తలకి పెట్టుకున్నాడు. తరవాత బల్ల చుట్టూ తిరిగి నేనుండే వైపుకి వచ్చాడు. ముప్పై ఏళ్ళలో ఏ గిరాకీ రాని చోటు అది. అలమరలోంచి తన చిలగడదుంప సారా సీసా తీసుకుని, చంకలో పెట్టుకుని, తలుపు నెమ్మదిగా మూసి వెళ్ళిపోయాడు.

నన్ను అరిచి ఉంటే బాగుండేది. సీసా ఇంటికి తీసుకుపోవడమంటే ఇంక రాను అని చెప్పడమే. మా వీధిలో అందరికీ తెలుసు.

కునిషిగె గారు ఒంటిగంటకి వచ్చి ముందు స్టూలు చూశాడు, తరవాత అలమర చూశాడు.

"గంటకి ఏమయింది? మోగడం లేదే."

"పనుందట."

"సీసాతో పనా?"

బుధవారం వచ్చి మళ్ళీ అలమర చూశాడు. సీసా ఉండే చోట గుండ్రటి మరక ఒక్కటే ఉంది. ఆయన పాట ఆయన పాడాడు కానీ, అయ్యాక పక్కకి తిరిగి నోరు తెరిచి, అక్కడ ఎవరూ లేకపోయేసరికి మూసేశాడు.

"ఒతోయె, నన్ను కాస్త తిట్టు" అన్నాడు.

"ఎందుకు?"

"ఊరికే. పాడాక ఎవరైనా తిట్టకపోతే పాడినట్టు లేదు."

"గొర్రె అరిచినట్టుంది" అంది ఒతోయె, శక్తికొద్దీ.

"నీకు చేతకాదులే."

గురువారం మిగతావాళ్ళు వెళ్ళాక ఆయన ఒక్కడే ఉండిపోయాడు. చాలాసేపు చల్లారిన బార్లీ టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు.

"అమ్మా, వాడికేం చెప్పావు?"

"పిల్లిని జరిపాను."

యంత్రం వంక చూశాడు. పిల్లిని మళ్ళీ దాని చోట పెట్టేశాను అప్పటికే. ఆయన లేచి వెళ్ళి పిల్లి వెనకకి తొంగిచూశాడు. ఆరోజు ఆఖరి పాట ఆయనదే, అంకె ఇంకా వెలుగుతూనే ఉంది. వెన్ను వంచి, కళ్ళజోడు నుదుటిమీదికి తోసి, దగ్గరగా చూశాడు.

"ఆరా?"

"ఆరు."

"ఇది నాదేనా? ఒతోయెది కాదుగా?"

"మీదే."

"వాడిదెంత?"

"మీది అడిగారు, చెప్పాను. ఆయనది ఆయన్నే అడగండి."

స్టూలు మీదికొచ్చి కూర్చున్నాడు. అంత పొడుగు మనిషి చిన్నగా కనిపించాడు. నాకు భయమేసింది, ఇంకో సీసా కూడా పోతుందేమోనని. కానీ ఆయన గ్లాసు ఖాళీ చేసి, కోటు వేసుకుని, తలుపు దగ్గర ఆగాడు.

"నీ పుస్తకంలో నాకేం బొమ్మ వేశావు?"

"ముల్లంగి."

"దానికంటే ఆరే నయం" అని వెళ్ళిపోయాడు.

*

శనివారం పావు తక్కువ ఒంటిగంటకి తలుపు తెరుచుకుంది. చంకలో సీసాతో మురోయి గారు. సీసాలో సగానికి పైగా అయిపోయింది.

"ఇంట్లో ఒక్కడినీ తాగితే తొందరగా అయిపోతుంది. అసలు రుచే లేదు" అన్నాడు, నావైపు చూడకుండా. సీసా బల్లమీద పెట్టాడు. నేను దాని చోట దాన్ని పెట్టి, ముల్లంగి ఉడికించింది ఒక గిన్నెలో వేసి ముందుంచాను.

ఒక ముక్క తిన్నాడు.

"గురువారం సాయంత్రం కునిషిగె మా ఇంటికొచ్చాడు. ముప్పై ఏళ్ళలో రాలేదు. గుమ్మంలో నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా, 'ఆరు' అన్నాడు. నేను తలుపు వేసేశాను."

"అయ్యో."

"మళ్ళీ తీశాను. 'ఎవరికి ఆరు?' అన్నాను. 'నాకు' అన్నాడు. అప్పుడు లోపలికి రానిచ్చాను." ఇంకో ముక్క తిన్నాడు. పెదవుల చివర్లు వణుకుతున్నాయి, కోపమో ఏమిటో తెలియలేదు. "అమ్మా, వాడిది ఆరంటే... నాది ఐదు కదా?"

"ఐదే."

"ఐదే కదా! ఒక మెట్టు పైన!"

కోపం కాదు.

"ఆ మాట వాడికి చెబితే ఏమన్నాడో తెలుసా? 'నీకోసం వచ్చి నా పరువు గుమ్మంలో పోసుకుంటే ఇదా' అన్నాడు. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. రెండు గంటలు కూర్చున్నాడు. వెళ్ళేదాకా ఒకటే తిట్లు." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నిన్ను కూడా తిట్టాలి నేను. మూడు రోజులు తయారు చేసుకున్నాను. ఇక్కడికొచ్చేసరికి సగం మరిచిపోయాను."

"గుర్తున్నవి తిట్టండి."

తిట్టాడు. దొంగ అన్నాడు, తొకిజోని పెద్ద దొంగ అన్నాడు, పిల్లిని కూడా వదల్లేదు. నేను తల వంచుకుని విన్నాను. నాకు హాయిగా ఉంది. అయ్యాక గ్లాసు నింపాను.

"రేపటి సంగతి?" అన్నాను.

"రేపు నువ్వూ, కునిషిగె నాతో వస్తున్నారు. రావాలి. ఒక్కడినీ వెళ్ళను."

*

హోటల్లో మెత్తటి తివాచీ, గుండ్రటి బల్లలు, కడుపు నిండని భోజనం. ప్రతి కుర్చీ ముందూ ఒక అచ్చు కార్డు. కునిషిగె గారు కార్డు తెరిచి, కళ్ళజోడు సర్దుకుని, మెల్లిగా నాకు చూపించాడు. "పాట: మురోయి గారు (అసలు శ్రుతిలో)." తిరుగుటపా కార్డులో రాసింది రాసినట్టే అచ్చు వేశారు.

"పారిపోదామా?" అన్నాడు మురోయి గారు. మొహం తెల్లబడింది.

"చేపముక్క ఇంకా రాలేదు" అన్నాడు కునిషిగె గారు. "తిన్నాక పారిపో."

చేపముక్క వచ్చేలోపే పేరు పిలిచారు. ముందు వరసలో చక్రాల కుర్చీలో ఇనుజుకా గారు, మోకాళ్ళమీద దుప్పటి, చెవికి యంత్రం. తెర నిజంగానే గోడంత ఉంది. పై మూలలో తాటికాయంత సున్నా.

మురోయి గారు మైకు పట్టుకుని కాసేపు దాన్నే చూశాడు.

"కార్డులో ఒక తప్పు పడింది" అన్నాడు. "అచ్చువాళ్ళది కాదు. నాదే. అమ్మాయీ, ఐదు దించమ్మా."

యంత్రం దగ్గర హోటల్ బట్టల్లో ఉన్నావిడ అనుమానంగా చూసి నొక్కింది. తెరమీద సున్నా పోయి గీత, ఐదు వచ్చాయి. అరవై మందీ చూశారు. చెంచా కింద పెట్టిన చప్పుడు ఒకటి వినపడింది.

"ఐదేనా?" అన్నాడు ఇనుజుకా గారు, చెవిటివాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా. "నాకు ఎనిమిది దించినా అందదు!"

హాలంతా గొల్లుమంది. మురోయి గారి నడుం నిటారయింది.

"అదిగో, అక్కడ కూర్చున్న నా స్నేహితుడికి ఆరు!"

"నన్నెందుకు లాగుతావురా మధ్యలో!" అని కునిషిగె గారు లేచాడు. అరవై మందీ ఆయనకి చప్పట్లు కొట్టారు. చేసేదేమీ లేక వంగి నమస్కారం పెట్టాడు.

పాడేటప్పుడు మురోయి గారు ఎప్పుడూ కళ్ళు మూసుకుంటాడు. ఆరోజు తెరిచే ఉంచాడు. ట్రామ్ నడిపేటప్పుడు వేగం చూసుకున్నట్టు మధ్యమధ్య ఆ ఐదు వంక చూస్తూ పాడాడు. మూడో చరణంలో తాడు ఒడ్డునుంచి లేచి పడవలో పడింది. ఇనుజుకా గారు దుప్పటి మీద చేత్తో ట్రామ్ గంట కొట్టినట్టు రెండుసార్లు తట్టాడు.

ఆ తరవాత పాడడానికి వచ్చినవాళ్ళు ముందు అంకె చెప్పి మొదలుపెట్టారు. ఒకరు "నాకు మూడు" అంటే, ఇంకొకరు "నాకు ఏడు" అన్నారు. ఒకాయన గర్వంగా సున్నా అన్నాడు. ఆయన పాట ఎవరికీ గుర్తులేదు.

*

మంగళవారం నుంచి మా హొతారులో పిల్లికి పని పోయింది. అంకె అందరికీ కనపడుతుంటే దాన్ని కిటికీ గట్టుమీద పెట్టాను. ఒతోయె రెండు అని తెలిసిన రోజునుంచి ఆవిడకి అందరూ కుర్చీ లాగి ఇస్తున్నారు. కునిషిగె గారు ఒకరోజు ఐదు పెట్టమని పట్టుబట్టి, పాట మధ్యలో నీళ్ళు అడిగాడు. "ఆరు మెట్లు దిగి రా నాయనా, నీళ్ళు కిందే ఉన్నాయి" అన్నాడు మురోయి గారు. కొన్ని వారాలు ఇలాగే గడిచాయి.

డిసెంబరు మధ్యలో, చలి బాగా ముదిరిన రోజు, మురోయి గారు పావు తక్కువ ఒంటిగంటకి కాదు, పన్నెండున్నరకే వచ్చి తలుపు తట్టాడు. మెడకి మఫ్లరు రెండు చుట్లు.

"ఇంకా తెరవలేదు" అన్నాను.

"తెలుసు." లోపలికొచ్చి, వీధి వైపు ఒకసారి చూసి, తలుపు వేశాడు. "అమ్మా, నిన్న ఇంట్లో స్నానం చేస్తూ పాడి చూశాను."

"ఆఁ."

"చలికి అయి ఉంటుంది."

"అయి ఉంటుంది."

"వసంతం వచ్చేదాకా... ఆరు పెడతావా?"

"పెడతాను."

కిటికీ గట్టు దగ్గరికి వెళ్ళి, పిల్లిని ఎత్తి, మఫ్లరు కొసతో దాని మొహం తుడిచి నా చేతిలో పెట్టాడు.

"దీన్ని కూడా పెట్టు."

ఒంటిగంటకి కునిషిగె గారు వచ్చి కోటు విప్పుతూ యంత్రం వంక చూశాడు. పిల్లిని చూశాడు. పిల్లి చెయ్యి ఊపుతోంది.

"ఇది మళ్ళీ ఇక్కడికెందుకొచ్చింది?"

"కిటికీ దగ్గర చలి" అన్నాను.

ఆయన నావంక, మురోయి గారి వంక ఒక్కో క్షణం చూసి, స్టూలు లాక్కున్నాడు. నేను గంట బొమ్మ కింద ఆరో చుక్క పెట్టి, పుస్తకం మూసి, తాడు పాట పెట్టాను. పాట బాగానే వచ్చింది. మురోయి గారు మైకు బల్లమీద పెట్టి, కడుపు ముందుకు తోసి గట్టిగా అన్నాడు.

"ఐదు!"

"విన్నాం లేవయ్యా" అన్నాడు కునిషిగె గారు. మైకు అందుకుని, నావైపు వంగి, మైకుని చేత్తో మూసి నెమ్మదిగా అడిగాడు. "పిల్లి ఎలాగూ ఉందిగా. నాకు ఏడు పెట్టు."